నాలుగు ప్రాంగణాలు, ఒకే ఖజానా: మేనకోడలికి ఒక లేఖ

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

రబ్బీలను, అంటే యూదు మతాచార్యులను, తయారుచేసే విద్యాలయంలో, అదీ మూడు నగరాలలో ప్రాంగణాలున్న సంస్థలో, ప్రణాళికా విభాగంలో నీకు ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పుడు ఎంతో సంతోషించాను. రాబోయే అయిదేళ్లకు ఆర్థిక ప్రణాళిక సిద్ధం చేయడమే నీ మొదటి బాధ్యత అని, ఎక్కడ మొదలుపెట్టాలో పాలుపోవడం లేదని నీవు రాశావు. నేను యూదుణ్ణి కాను, వారి శాస్త్రాలు చదువుకున్నవాణ్ణీ కాను. కాని ముప్పై ఏళ్లకు పైగా ఒహాయో రాష్ట్రంలో మతసంబంధమైన చిన్న కళాశాలల జమాఖర్చులు చూశాను కనుక, ఆ అనుభవంలోంచి నీకు పనికివస్తుందనుకున్నది రాస్తున్నాను.

నీ సంస్థ లెక్కల పుస్తకం తెరిచే ముందు, హీబ్రూ యూనియన్ కాలేజ్ చరిత్రను శ్రద్ధగా చదువు. అమెరికాలోని రిఫార్మ్, అంటే సంస్కరణవాద, యూదులకు అదే ప్రధాన విద్యాలయం. ఐజాక్ మేయర్ వైజ్ అనే రబ్బీ 1873లో సినగాగులను, అంటే యూదుల ప్రార్థనా మందిరాలను, ఒక సమాఖ్యగా కూడగట్టి, ఆ సమాఖ్య అండతో 1875లో సిన్సినాటీలో ఈ కళాశాలను ప్రారంభించారు. ఈ క్రమాన్ని గమనించు. ముందు పోషించే సంఘం ఏర్పడింది, ఆ తరువాతనే బడి వచ్చింది. 1922లో స్టీఫెన్ వైజ్ న్యూయార్క్‌లో వేరుగా స్థాపించిన జ్యూయిష్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రెలిజియన్ 1950లో ఇందులో విలీనమైంది. యూదు కుటుంబాలు పెద్ద సంఖ్యలో పడమటి తీరానికి తరలిపోతున్న కాలంలో, 1954లో, లాస్ ఏంజిలెస్ శాఖ ఏర్పడింది. 1963లో జెరూసలెం ప్రాంగణం తెరుచుకుంది. నాలుగు చోట్లా నాలుగు వేర్వేరు కారణాలు ఉన్నాయి, ఆ కాలానికి ప్రతి కారణమూ సబబైనదే. అయితే ప్రాంగణం పుట్టడానికి కారణమైన పరిస్థితి మారిపోయిన తరువాత కూడా దాని పైకప్పు మరమ్మతు ఖర్చు మాత్రం ఏటా వస్తూనే ఉంటుంది.

2008 ఆర్థిక సంక్షోభం తరువాత, 2009లో, ఆ కళాశాల అమెరికాలోని మూడు ప్రాంగణాలలో రెండింటిని మూసివేయాలా అన్న ప్రశ్నను బహిరంగంగా చర్చించి, చివరకు మూడింటినీ నిలుపుకోవాలని నిర్ణయించింది. ఆ తరువాతి సంవత్సరాలలో రబ్బీ చదువుకు వచ్చేవారి సంఖ్య తగ్గుతూ పోయింది. 2022 నాటికి ఆ తగ్గుదల పదిహేనేళ్ల కాలంలో మూడోవంతును దాటింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో పాలకమండలి, సిన్సినాటీలో విద్యార్థులు అక్కడే నివసిస్తూ రబ్బీలయ్యే చదువును 2026 నాటికి ముగించాలని, ఆ ప్రాంగణాన్ని గ్రంథాలయం, పురాపత్రాల భాండాగారం, పరిశోధన కేంద్రంగా కొనసాగించాలని తీర్మానించింది. 1883 నుంచి రబ్బీ పట్టాలిస్తూ వచ్చిన ఊరు అది. ఒక అమెరికన్ విద్యాలయం నుంచి మొట్టమొదటిసారిగా ఒక మహిళ, శాలీ ప్రీసాండ్, 1972లో రబ్బీగా దీక్ష పొందింది కూడా అక్కడే. పూర్వ విద్యార్థులకు ఎంత బాధ కలిగి ఉంటుందో ఊహించుకో. 2009 నిర్ణయం తప్పని నేను అనను. కాని వాయిదా వేసిన ప్రశ్న పదమూడేళ్ల తరువాత తిరిగి వచ్చేసరికి విద్యార్థులు తగ్గిపోయారు, ఎంచుకోగల దారులూ తగ్గిపోయాయి. కనుక నీ ప్రణాళిక పాలకమండలికి ఇవ్వగల అత్యంత విలువైన కానుక, ఇంకా నాలుగు దారులు తెరిచి ఉన్నప్పుడే అసలు అంకెను వారి ముందుంచడం.

ఆ అంకె ఎలా దొరుకుతుందో చెబుతాను, ఇక్కడ కాస్త నిదానంగా చదువు. ఏ ప్రాంగణానికి ఎంత ఖర్చవుతున్నదని లెక్కల విభాగాన్ని అడిగితే వారొక సంఖ్య ఇస్తారు. ఉదాహరణకు ఒక ప్రాంగణం మీద ఏడాదికి 60 లక్షల డాలర్లు ఖర్చవుతున్నట్లు పుస్తకాలలో ఉందనుకుందాం. దాన్ని మూసేస్తే 60 లక్షలు మిగులుతాయని సభ్యులెవరో తప్పకుండా అంటారు. అయితే అందులో 20 లక్షలు అధ్యక్షుని కార్యాలయం, కంప్యూటర్ వ్యవస్థ, బీమా వంటి ఉమ్మడి ఖర్చులలో ఆ ప్రాంగణం పేరు మీద రాసిన వాటా. అది మూతపడితే ఈ వాటా మిగతా ప్రాంగణాల మీదికి మారుతుందే తప్ప తగ్గదు. ఇంకొక 15 లక్షలు టెన్యూర్, అంటే శాశ్వత ఉద్యోగ భద్రత, ఉన్న ఆచార్యుల జీతాలు. వారిని వేరే ప్రాంగణానికి మార్చవలసి వస్తుంది. మరో 5 లక్షలు, చదువు ఆగిపోయినా తెరిచే ఉంచవలసిన గ్రంథాలయానివి. అంటే నిజంగా మిగిలేది 20 లక్షలు. ఆ ఊరిలోని దాతలు ఏటా 12 లక్షలు ఇస్తుండి, మూసివేత తరువాత వారు చేయి వెనక్కు తీసుకుంటే, చివరకు చేతిలో పడేది 8 లక్షలు. 60 లక్షలకు, 8 లక్షలకు మధ్య ఉన్న ఈ దూరాన్ని చూడకుండా చేసిన ప్రణాళికలను నేను ఒకటి కంటే ఎక్కువే చూశాను. ప్రతి ప్రాంగణానికీ ఇటువంటి పట్టిక ఒకటి, నీ చేతితో నీవే వేసుకో. అలాగే దేన్నీ మూయకుండా పదేళ్లు గడిపితే పేరుకునే లోటును కూడా అదే నిజాయితీతో వేయి, ఎందుకంటే కదలకుండా ఉండడానికీ ఒక ధర ఉంటుంది, దాన్ని సాధారణంగా ఎవరూ కాగితం మీద పెట్టరు.

ఆదాయం వైపు నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. నేను పనిచేసిన ఒక కళాశాలలో, పేరు అనవసరం, చనిపోయిన దాతల వీలునామాల ద్వారా వచ్చే సొమ్మును వరుసగా ఆరేళ్లు మామూలు రాబడిలో కలిపి చూపించాము. ప్రతి ఏడూ లెక్క సరిపోయినట్లే కనిపించింది. ఏడో ఏట అటువంటి సొమ్ము ఏమీ రాలేదు. అప్పటికి కొత్త నియామకాలు జరిగిపోయాయి, జీతాలు పెరిగిపోయాయి, ఆ ఒక్క ఏడాదిలోనే పద్నాలుగు మందిని ఇంటికి పంపవలసి వచ్చింది. ఆ ఉత్తరాల మీద సంతకం చేసినవారిలో నేనూ ఉన్నాను. వీలునామా సొమ్ము వచ్చిన ఏడాది దాన్ని శాశ్వత నిధిలో వేయడమో, ఒక్కసారి మాత్రమే అయ్యే ఖర్చుకు వాడడమో చేయాలని పాలకమండలి చేత రాతపూర్వకంగా నియమం పెట్టించు. నెలనెలా ఇచ్చే జీతాన్ని ఎప్పుడు వస్తుందో తెలియని సొమ్ముకు ముడివేయకూడదు.

శాశ్వత నిధి విషయంలో మన ఊళ్ల గుడి మాన్యాన్ని గుర్తుచేసుకుంటే నీకు తేలికగా అర్థమవుతుంది. మాన్యం రాసిచ్చినవాడు పంటను దీపధూప నైవేద్యాలకు వాడమన్నాడు, పొలం అమ్ముకోమనలేదు. అమెరికా కళాశాలలు సాధారణంగా గత మూడేళ్ల సగటు విలువలో 4 నుంచి 5 శాతం వరకు ఏటా తీసుకుంటాయి. సంస్థల నిధుల నిర్వహణకు 2006లో రూపొందిన నమూనా చట్టాన్ని దాదాపు అన్ని రాష్ట్రాలూ ఆమోదించాయి. ఏడాదికి 7 శాతం మించి తీస్తే అది వివేకం కాదని భావించే నిబంధనను కొన్ని రాష్ట్రాలు అందులో చేర్చుకున్నాయి కూడా. లోటు పూడ్చడానికి ‘ఈ ఒక్క ఏడాదికి మాత్రమే’ అని అదనంగా తీసే అలవాటు నీ సంస్థలో ఉందేమో పాత సమావేశాల మినిట్స్ తిరగేసి చూడు. మూడుసార్లు కనిపిస్తే దాన్ని ప్రత్యేక సందర్భం అనడానికి వీల్లేదు.

అన్ని నిధులూ ఒకటి కావన్నది కూడా గుర్తుంచుకో. ‘ఫలానా ఊరిలో చదివే విద్యార్థికే’ అని షరతుతో ఇచ్చిన విరాళాన్ని, ఆ ఊరిలో చదువు ఆగిపోయాక మరో ఊరికి మళ్లించాలంటే దాత అంగీకారమో, కోర్టు అనుమతో కావాలి. దానధర్మాల సొమ్ముకు రాష్ట్ర అటార్నీ జనరల్ కాపలాదారు. సిన్సినాటీలో హీబ్రూ యూనియన్ కాలేజ్‌కు చెందిన క్లావ్ గ్రంథాలయంలో ఎంతో అరుదైన హీబ్రూ గ్రంథాలు ఉన్నాయి. వాటిలో కొన్నింటిని అమ్మే అవకాశాన్ని కళాశాల పరిశీలిస్తున్నదని తెలిసినప్పుడు, 2024లో ఒహాయో అటార్నీ జనరల్ ఆ అమ్మకాన్ని అడ్డుకోవడానికి కోర్టుకు వెళ్లారు. కనుక న్యాయవాదిని పక్కన కూర్చోబెట్టుకుని ప్రతి పెద్ద నిధి పత్రాన్నీ నీవే చదువు. ఇది నెలల తరబడి సాగే విసుగు పని. అయినా ఏ ప్రాంగణానికి ఏ సొమ్ము కట్టుబడి ఉందో తెలియకుండా వేసిన ప్రణాళిక నిలవదు.

భవనాల గురించి క్లుప్తంగా చెబుతాను. బోస్టన్ శివారు న్యూటన్‌లోని హీబ్రూ కాలేజ్ అనే మరో సంస్థ పెద్ద అప్పుతో అందమైన భవనం కట్టుకుని, ఆ భారం కింద ఏళ్ల తరబడి నలిగి, చివరకు దాన్ని అమ్మేసి, 2023లో ఒక సినగాగ్ ఆవరణలోకి మారి, ఇతర యూదు సంస్థలతో కలిసి ఉంటోంది. న్యూయార్క్‌లోని జ్యూయిష్ థియొలాజికల్ సెమినరీ తన ఆస్తిలో కొంత అమ్మి, ఆ సొమ్ముతో ఉన్నచోటే కొత్త గ్రంథాలయం, సభాశాల, విద్యార్థి నివాసం కట్టుకుంది. నా దృష్టిలో తేడా ఒక్కటే. ఆస్తి అమ్మిన సొమ్ము జీతాలలో కరిగిపోయిందా, లేక మరో ఆస్తిగా మారిందా అన్నదే చూడాలి. మీ పాలకమండలి అమ్మకం మాట ఎత్తితే, ఆ సొమ్ము ఎక్కడికి వెళుతుందో అదే తీర్మానంలో రాయించు.

జెరూసలెంలో మీకు కార్యక్రమం ఉందని రాశావు కనుక ఒక చిన్న విషయం. హీబ్రూ యూనియన్ కాలేజ్ 1970 నుంచి రబ్బీ విద్యార్థుల మొదటి ఏడాదిని అక్కడే గడిపించే పద్ధతి పెట్టింది. మీరూ అటువంటిదే నడుపుతుంటే, విరాళాలు డాలర్లలో వస్తాయి, అక్కడి జీతాలు ఇజ్రాయెల్ కరెన్సీ అయిన షెకెల్లలో పోతాయి. మారకపు విలువ పది శాతం మారితే ఎంత లోటు పడుతుందో ముందుగానే లెక్కగట్టి, అంత మొత్తం విడిగా ఉంచండి. యుద్ధం వల్లనో మరో కారణం వల్లనో ఆ ఏడాది చదువును అమెరికాకు మార్చవలసి వస్తే అయ్యే ఖర్చు కూడా అందులోనే చేర్చాలి.

ఇక విద్యార్థులు. ఇది లెక్కకు మించిన విషయం కాబట్టి నాకు దీని మీద ఆవేదన ఎక్కువ. అయిదేళ్లు చదివి, మోయలేని అప్పుతో బయటికి వచ్చే యువ రబ్బీ చిన్న ఊరి సినగాగుకు వెళ్లగలడా? వెళ్లలేడు. ఆ సినగాగ్ బలహీనపడుతుంది, దాని చందా తగ్గుతుంది, ఆ చందాలోంచి విద్యాలయానికి రావలసిన వాటా తగ్గుతుంది. లాస్ ఏంజిలెస్‌లోని జీగ్లర్ స్కూల్ అనే రబ్బీ విద్యాలయం 2022లో తన వార్షిక ఫీజును దాదాపు 31 వేల డాలర్ల నుంచి 7 వేలకు దించింది. అటువంటి సాహసం మీ సంస్థకు తగునో లేదో నీ పట్టికలే చెప్పాలి. అయితే ముందుగా ఫీజుల ద్వారా నిజంగా చేతికందేది ఎంతో చూడు. ఒక చేత్తో ఫీజు రాసి, మరో చేత్తో ఉపకారవేతనంగా తిరిగి ఇచ్చేస్తున్న సొమ్ము ఆదాయం కాదు. చాలా సెమినరీలలో ఫీజులోంచి ఉపకారవేతనం తీసివేస్తే మిగిలేది ఆశ్చర్యపోయేంత తక్కువ.

యూదులలో ఒక ప్రాచీనమైన మాట ఉంది: పిండి లేకపోతే తోరా లేదు, తోరా లేకపోతే పిండి లేదు. తోరా అంటే వారి ధర్మశాస్త్రం, దాని చదువు. సమావేశాలలో మొదటి సగమే ఎక్కువగా వినిపిస్తుంది, అదీ కోతలు పెట్టేటప్పుడు. నీవు రెండో సగాన్ని కూడా అంకెలలోకి మార్చి చూపించగలగాలి. తల్మూద్ అనే వారి ప్రాచీన ధర్మచర్చల గ్రంథాన్ని బోధించే మంచి ఆచార్యుడు వెళ్లిపోతే, ఆయన కోసం వచ్చే విద్యార్థులు రారు, ఆయన శిష్యులైన రబ్బీలు తమ సంఘాలలో విద్యాలయం కోసం విరాళం అడగరు. ఒక ఆచార్యుని స్థానం ఖాళీగా ఉంచి మిగిల్చిన జీతాన్ని ఆదా అని రాసే ముందు, ఆయన చుట్టూ అల్లుకున్న ఆదాయం ఎంతో ఆయా విభాగాలవారితో కూర్చుని అంచనా వేయి.

పాలకమండలిని సిద్ధం చేయడంలో తొందరపడవద్దు, అలాగని దాచవద్దు. ప్రతి ప్రాంగణం నుంచి ఒక ఆచార్యుణ్ణి, ఒక దాతను, ఒక పూర్వ విద్యార్థిని ముందే పిలిచి, పట్టికలు చూపించి, తప్పులు పట్టమని అడుగు. వారు పట్టిన తప్పులను వారి ఎదుటే సరిదిద్దు. పుకారుగా విన్న మూసివేత కంటే, తమ చేతులతో సరిచూసిన లెక్కను జనం ఎక్కువగా భరిస్తారు. ఏదైనా కోర్సు ఆపవలసి వస్తే, అప్పటికే చేరిన విద్యార్థులు చదువు పూర్తిచేసే ఏర్పాటు చేయాలని గుర్తింపు సంస్థ అడుగుతుంది. ఆ ఖర్చు నాలుగైదేళ్లు సాగుతుంది కనుక మొదటి ఏడాదే ఆదా మొదలవుతుందని ఎవరికీ మాట ఇవ్వవద్దు. సమావేశాల తేదీలు వేసేటప్పుడు వారి విశ్రాంతి దినమైన శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం రాత్రి వరకు విడిచిపెట్టడం నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. సెప్టెంబరు, అక్టోబరులలో వచ్చే వారి పెద్ద పండుగల ముందు మూసివేత వార్త బయటపడకుండా కూడా చూసుకో, ఎందుకంటే సంఘమంతా సినగాగులకు వచ్చి, విరాళాల పిలుపు వినే రోజులు అవే.

జూన్ 30తో మీ ఆర్థిక సంవత్సరం ముగుస్తుందని రాశావు. ఆలోగా ప్రాంగణాలవారీ పట్టికలు ఒక కొలిక్కి వస్తే, అంతర్గత వివరాలు, దాతల పేర్లు తీసేసి, ఏ పద్ధతిలో వేశావో మాత్రం నాకు పంపు. ఉమ్మడి ఖర్చులను ఎలా పంచావో నేను మొదట అదే చూస్తాను. మీ అమ్మకు, ఇంట్లో అందరికీ నా ఆశీస్సులు చెప్పు.

ఇట్లు,
మీ మావయ్య