కుష్ఠు చికిత్స మధ్యలో పుండ్లు: మందు పడకపోవడమా, రియాక్షనా?

ప్రశ్న: మా నాన్నగారికి 56 ఏళ్లు. కుష్ఠు వ్యాధి అని తేలి, ఎనిమిది నెలలుగా ఎం.డి.టి. (కొన్ని మందులు కలిపి ఇచ్చే కుష్ఠు చికిత్స) బిళ్లలు వాడుతున్నారు. నెల రోజులుగా జ్వరం వస్తూ పోతూ ఉంది. ముంజేతుల మీదా తొడల మీదా ముట్టుకుంటే నొప్పి పుట్టే ఎర్రటి గడ్డలు లేస్తున్నాయి. వాటిలో కొన్ని బొబ్బలెక్కి, చితికి, పుండ్లయ్యాయి. మందులు పడలేదేమోనని ఆపించాం. ఇది అలర్జీయా, వ్యాధి తిరగబెట్టిందా?
– ఒక పాఠకురాలు

జవాబు: రెండూ కాకపోవడానికే అవకాశం ఎక్కువ. రోగిని చూడకుండా నిర్ధారించి చెప్పలేను గానీ, మీరు వివరించిన తీరు రెండో రకం లెప్రా రియాక్షన్‌ను, అంటే వైద్యులు ఇ.ఎన్.ఎల్. అని పిలిచేదాన్ని, గుర్తుకు తెస్తోంది. ఒంట్లో క్రిములు బాగా ఎక్కువగా ఉన్నవారిలో, చచ్చిన క్రిముల అవశేషాల మీద కూడా రోగనిరోధక వ్యవస్థ తీవ్రంగా స్పందించడం వల్ల ఇది వస్తుంది కాబట్టి, చికిత్స సాగుతుండగానే కాక, ముగిసిన కొన్నేళ్లకు కూడా రావచ్చు. ఈ గడ్డలు అంతవరకు బాగున్న చర్మం మీద లేచి, కొద్ది రోజులకు అణగి, మరోచోట పుడతాయి. మొదటి రకం రియాక్షన్‌లో అలా కాదు. పాత మచ్చలే ఎర్రబడి ఉబ్బుతాయి, జ్వరం అంతగా ఉండదు.

గడ్డలు పుండ్లు పడటం అరుదే అయినా, తీవ్రమైన ఇ.ఎన్.ఎల్.లో జరుగుతుంది. దీన్ని చీముగడ్డలుగా పొరబడి యాంటీబయాటిక్స్‌తో కాలం గడిపేయడం తరచూ చూస్తుంటాం. సందేహం ఉంటే చిన్న చర్మపు ముక్క తీసి పరీక్షిస్తే తేలుతుంది. మెక్సికో, మధ్య అమెరికాల్లో ఎక్కువగా కనిపించే లూసియో ఫినామినన్ అనే మరో రియాక్షన్‌లోనూ పుండ్లు పడతాయి గానీ, అది సాధారణంగా చికిత్స మొదలుపెట్టనివారిలో వస్తుంది.

ఇక అలర్జీ విషయం. ఎం.డి.టి.లోని డాప్సోన్ అనే మందు పడనివారిలో అది చాలావరకు మొదటి రెండు నెలల్లోపే బయటపడుతుంది: జ్వరంతో పాటు ఒళ్లంతా దద్దుర్లు, బిళ్లకట్టిన లింఫ్ గ్రంథులు, కొందరిలో కామెర్లు. అలాంటప్పుడు డాప్సోన్ వెంటనే ఆపాలి, మళ్లీ ఎన్నడూ వాడకూడదు. ఎనిమిదో నెలలో కొత్తగా రావడం అరుదు. రియాక్షన్ వచ్చిందని ఎం.డి.టి. ఆపకూడదు, దాన్ని తిరిగి మొదలుపెట్టడం గురించి ఈ ఒకటి రెండు రోజుల్లోనే వైద్యుణ్ని కలవండి.

చర్మం కన్నా నాకు ఎక్కువ భయం నరాల గురించి. మోచేతి లోపలి వైపు ఎముక వెనక నొక్కితే నొప్పి ఉందా, చిటికెనవేలిని పక్కకు చాపగలుగుతున్నారా, మడమ నేలకు ఆనించి పాదం ముందుభాగాన్ని పైకి ఎత్తగలుగుతున్నారా, కళ్లు పూర్తిగా మూతపడుతున్నాయా అని రోజూ చూడండి. కళ్లు మూసుకోమని, అరచేతిని, అరికాలిని బాల్‌పెన్ను మొనతో తేలికగా తాకి, ఎక్కడ తాకారో వేలితో చూపించమనండి. నొప్పి లేకుండానే నరం దెబ్బతినవచ్చు. ఆ నష్టం ఆరు నెలలు దాటకముందే స్టెరాయిడ్ మొదలైతే కోలుకునే ఆశ ఎక్కువ. కన్ను ఎర్రబడి నొప్పి పెట్టినా, వృషణాలు వాచినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

రియాక్షన్ చికిత్సలో ప్రధానమైనది ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్. సాధారణంగా రోజుకు 40 నుంచి 60 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారాల తరబడి మెల్లగా తగ్గిస్తారు. అంతకుముందు షుగరు, బీపీ, క్షయ, కడుపులో పురుగులు ఉన్నాయేమో చూడటం తప్పనిసరి. రియాక్షన్ పదేపదే వస్తుంటే ఎం.డి.టి.లోనే ఉండే క్లోఫాజిమిన్ మోతాదును కొంతకాలం రోజుకు 300 మిల్లీగ్రాముల వరకు పెంచుతారు. దానివల్ల చర్మం నల్లబడినా, మందు ఆపాక నెలల్లో తగ్గుతుంది. థాలిడోమైడ్ బాగా పనిచేస్తుంది గానీ, గర్భస్థ శిశువుకు ఘోరమైన వైకల్యాలు కలిగిస్తుంది. అందుకే పురుషులు వాడినా కండోమ్ తప్పనిసరి. నిపుణుల పర్యవేక్షణ లేకుండా అసలు వాడరాదు.

గడ్డలు తగ్గాయి కదా అని ప్రెడ్నిసొలోన్‌ను ఒక్కసారిగా మానేయనివ్వకండి. రియాక్షన్ తిరగబెట్టడమే కాక, ప్రాణాపాయం కూడా కలగవచ్చు.