బామ్మర్ది బీర్ల కోసం బంగారం కుదువ పెట్టారా?

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. వయసు 31. పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీలో పనిచేస్తాను. చేతికి 36 వేలు వస్తాయి, ఇంటి ఖర్చు 24 వేలు. మా బామ్మర్ది షికాగోలో ఎమ్మెస్ చదువుతున్నాడు. చిన్న కంపెనీలు కొద్దికొద్దిగా తయారుచేసే అరుదైన క్రాఫ్ట్ బీర్లను విడుదలకు ముందే మాట్లాడుకుని మార్పిడి చేస్తాడు, అమ్ముతాడు. నా భార్య బంగారం కుదువ పెట్టి 2 లక్షలు, లోన్ యాప్‌లో నూటికి మూడు రూపాయల మిత్తికి 60 వేలు తెచ్చి పంపాను. నవంబర్ విడుదలకు ఇంకో లక్ష అడుగుతున్నాడు. పర్సనల్ లోన్ తీసుకోవాలా? బ్యాంకులో 11 వేలున్నాయి. సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి) కూడా మొదలుపెట్టాలని ఉంది.

జవాబు: తీసుకోవద్దు. లక్ష కాదు, వెయ్యి కూడా పంపొద్దు.

మీ ఉత్తరంలో ముందు నా కంట పడింది ఆ 11 వేలు. సగం నెల కూడా గడవదు. రేపు కంపెనీలో షిఫ్టులు తగ్గించినా, ఇంట్లో ఎవరినైనా ఆసుపత్రిలో చేర్చినా మీరు మళ్లీ ఆ యాప్‌నే తెరుస్తారు. బంగారం మీద నూటికి రూపాయి వేసుకున్నా నెలకు 2,000, యాప్‌కు 1,800. మిగిలే 12 వేలలో 3,800 మిత్తికే పోతోంది. అసలు ఎక్కడిదక్కడే ఉంది.

ఇక ఆ బీర్లు. చేతికి రాని సీసా మీద బేరం అది. ధర నిలిచేది కొరత ఉన్నంతవరకే, ఆ కొరత బ్రూవరీ, అంటే బీరు తయారుచేసే కంపెనీ చేతిలో ఉంటుంది. ఒకప్పుడు ఏడాదికోసారి వచ్చే కేబీఎస్ అనే బీరును అమెరికాలోని ఫౌండర్స్ బ్రూవరీ వాళ్లు 2020 నుంచి ఏడాది పొడవునా అమ్మడం మొదలుపెట్టారు. దాచుకున్నవాళ్ల సీసాలను ఇక ఎవరు ఎగబడి కొంటారు? మీ బామ్మర్ది ఊళ్లోనే గూస్ ఐలాండ్ అనే బ్రూవరీ 2015లో విడుదల చేసిన బోర్బన్ కౌంటీ బీరు రకాల్లో కొన్నింటికి బ్యాక్టీరియా చేరి రుచి చెడింది. మరుసటి ఏడాది కంపెనీ డబ్బు వాపసు ఇచ్చింది. ఇచ్చింది సీసా అసలు ధరే, పైన పెట్టి కొన్నవాళ్ల లెక్క దానికి పట్టదు.

పైగా అమెరికాలో మద్యం అమ్మాలంటే లైసెన్స్ కావాలి. అక్కడి పోస్టాఫీసు మద్యం పార్శిళ్లు తీసుకోదు. స్టూడెంట్ వీసా మీదున్న పిల్లాడు అనుమతి లేని వ్యాపారంలో దొరికితే చదువుకే ఎసరు. అవతలివాడు ఎగ్గొడితే ఏ మొహం పెట్టుకుని ఫిర్యాదు చేస్తాడు? అక్కనగలు కుదువ పెట్టించి ఇలాంటి బేరాలు చేయడమేంటో నాకైతే అర్థం కాలేదు.

అమ్ముడుపోని సీసాల లెక్క అడగండి. నష్టమైనా సరే, వచ్చినంత వెనక్కి తెప్పించుకోండి. దాంతో ముందు యాప్ బాకీ మూసేయండి, ఆ యాప్‌నే ఫోన్‌లోంచి తీసేయండి. వెంటనే ఒక నెల ఖర్చు 24 వేలు వేరే ఖాతాలో వేయండి. దానికి ఏటీఎం కార్డు వద్దు. బంగారం మిత్తి తప్పకుండా కడుతూ, విడిపించేలోపే ఆ నిధిని మూడు నెలలకు, విడిపించాక ఆరు నెలలకు, అంటే 1,44,000కు పెంచండి. పెళ్లి ఖర్చులకూ పండుగలకూ అది ముట్టకూడదు. మీ బామ్మర్దికి అసలే వద్దు.

టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బు వచ్చే జీవిత బీమా) ఈ నెలలోనే తీసుకోండి. సిప్ గురించి ఆ 1,44,000 జమయ్యాక రాయండి, అప్పుడు మాట్లాడుకుందాం.