పన్నెండో నంబరు పెద్దావిడ

ఆదివారం ఆరాధనలో దేవుడు దగ్గరగా ఉన్నట్టు అనిపిస్తుందని, సోమవారం పనిలో పడగానే ఆ భావం నిలవడం లేదని, నిత్యజీవితాన్ని దేవుని దృష్టితో చూడటం ఎలాగని మీరు అడిగారు. నేను గుంటూరు జిల్లాలో ఒక ఆసుపత్రిలో పంతొమ్మిదేళ్లుగా నర్సుగా పని చేస్తున్నాను. ఇదే ప్రశ్న నన్నూ చాలాకాలం బాధించింది.

ఒక నైట్ డ్యూటీలో స్త్రీల వార్డులో 32 మంది రోగులకు ఇద్దరమే ఉన్నాం. మేము ఎవరినైనా మంచం నంబరుతోనే చెప్పుకుంటాం. పని త్వరగా తెమలాలంటే అదే సులువు. పన్నెండో నంబరు పెద్దావిడ మాటిమాటికీ పిలుస్తుంటే విసుక్కుంటూనే వెళ్లాను. సెలైన్ సరిచేయడానికి చెయ్యి పట్టుకుంటే ఆమె వేళ్ల కొసలు ఎర్రగా పొక్కి, చర్మం లేచి ఉన్నాయి. మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్తానని, రాత్రిళ్లు మంటకు తాళలేక చేతులు మజ్జిగలో పెట్టుకుంటానని చెప్పి, "నా పేరు ఆ కాగితంలో రాసుందా అమ్మా?" అని అడిగింది. రాసే ఉంది. రెండు రోజులుగా ఆ కేస్ షీట్ మీద నేనే సంతకం పెడుతున్నా, ఆ పేరు నాకు గుర్తు లేదు.

ఇంటికి వచ్చి బైబిల్లో ఆదికాండము 16వ అధ్యాయం తెరిచాను. హాగరు సంగతి చిన్నప్పటి నుంచి తెలిసినదే గాని, ఆ అధ్యాయంలో ఆమె యజమానురాలు శారయి గాని, శారయి భర్త అబ్రాము గాని ఆమెను పేరుతో పిలవరని ఆ ఉదయమే గమనించాను. వారి నోట ఆమె దాసి మాత్రమే. అరణ్యంలో నీటి బుగ్గ దగ్గర యెహోవా దూత ఆమెను పేరు పెట్టి పిలిచి, ఎక్కడి నుంచి వచ్చావు, ఎక్కడికి వెళ్తున్నావు అని అడుగుతాడు. అప్పుడామె తనతో మాట్లాడిన దేవునికి "చూచుచున్న దేవుడు" అని పేరు పెడుతుంది. దేవుని దృష్టి అంటే లోకమంతటినీ పైనుంచి చూసే చూపు అని అంతవరకూ అనుకునేదాన్ని. ఆ చూపు ఇల్లు విడిచి పారిపోతున్న ఒక్క గర్భిణి దగ్గర ఆగడం చూసి చాలాసేపు ఏడ్చాను.

ఆనాటి నుంచి డ్యూటీ అప్పగించేటప్పుడు నంబరుతో పాటు పేరు కూడా చెబుతున్నాను. మాత్ర ఇచ్చే ముందు షీట్ మీది పేరు చదివి, ఆ పేరుతో పిలిచి, మనసులో ఒక్క మాట ప్రార్థన చేసుకుంటాను. ఒకరి మందు మరొకరికి వెళ్లే ప్రమాదం కూడా దీనివల్ల తగ్గుతుంది.

అయితే ఎదుటివారి కష్టానికి దేవుని తరఫున కారణం చెప్పబోకండి. బిడ్డను పోగొట్టుకున్న ఒక తల్లితో "ఇది దేవుని చిత్తం" అని నేనూ ఒకప్పుడు అన్నాను. ఆమె గోడవైపు తిరిగి పడుకోవడం ఇప్పటికీ కళ్లముందే ఉంది. బైబిల్లో పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో నేలమీద మౌనంగా కూర్చున్నారు. ఆ తరువాత వాళ్లు చెప్పిన మాటలకే దేవుడు కోపించాడు. అలాంటి చోట నేనిప్పుడు మంచినీళ్లు ఇచ్చి పక్కన కూర్చుంటాను.

మీరు ఏ పని చేస్తారో రాయలేదు. రోజూ ఎదురుపడే మనిషి పేరు తెలియకపోతే, రేపు అక్కడే మొదలుపెట్టండి. డిశ్చార్జి అయిన రోజు మా పెద్దావిడ మందుల చీటీ చేతిలో మడిచి పెట్టుకుని, "నీ పేరేంటమ్మా?" అని అడిగింది. అన్ని రోజులూ ఆమెకు నేను సిస్టరమ్మనే.