బోర్డు పోయిందన్నారు, నిజమేనా?

ప్రశ్న: మా వాషింగ్ మెషిన్ కొని ఆరేళ్లయింది. ఈమధ్య నీళ్లు అలా నిండుతూనే ఉండి, చివరికి ఎర్రర్ కోడ్ చూపించి ఆగిపోతోంది. కంపెనీ టెక్నీషియన్ పది నిమిషాలు చూసి "బోర్డు పోయిందండీ, ఈ మోడల్‌కి బోర్డులు రావడం లేదు, కొత్త మెషిన్ తీసుకోండి" అన్నారు. మాకు తెలిసిన మెకానిక్ మాత్రం సర్వీస్ మాన్యువల్ దొరికితే తాను చూస్తానంటున్నారు. కంపెనీని అడిగితే, బయటివాళ్లకి ఇవ్వం అన్నారు. అమ్మేశాక వాళ్లకి ఇంకే బాధ్యతా ఉండదా?
— పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: ముందు ఒక మాట. మెషిన్‌ని ఇప్పుడే పారేయకండి. బోర్డు, అంటే మెషిన్‌ని నడిపించే ఎలక్ట్రానిక్ సర్క్యూట్ పలక, పోయిందని పది నిమిషాల్లో తేల్చేశారంటే నాకు అనుమానమే. 30 ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను, నేనూ ఒకసారి అలాగే తేల్చేసి తల దించుకున్నాను. అప్పుడు నా దగ్గరికొచ్చిన మెషిన్‌కీ మీదానికున్న జబ్బే. బోర్డు మార్చాను, నీళ్లు ఆగలేదు. రెండు రోజులు వైర్లన్నీ వెతికాక దొంగ దొరికాడు: టబ్బు నుంచి ప్రెషర్ సెన్సార్‌కి వెళ్లే సన్న పైపు. నీళ్లు పెరిగేకొద్దీ ఆ పైపులో గాలి నొక్కుకుపోయి, మట్టం ఎంతో సెన్సార్‌కి తెలుస్తుంది. సబ్బు పేరుకుని పైపు మూసుకుపోతే, టబ్బు నిండినా ఖాళీగా ఉందనే మెషిన్ అనుకుంటుంది. ఊడదీసి కడిగి పెట్టాను, అంతే. తర్వాతెప్పుడో ఆ మోడల్ మాన్యువల్ చేతికొచ్చింది. ఆ కోడ్ పక్కన మొదటి వరుసలో పైపు, ఆఖరి వరుసలో బోర్డు!

అందుకే మాన్యువల్ రహస్యమంటే నాకు మింగుడు పడదు. అందులో ఏముంటుందండీ? వైరింగ్ బొమ్మ, కోడ్‌ల అర్థాలు, ఏ సెన్సార్ ఎన్ని ఓమ్‌ల రెసిస్టెన్స్ చూపించాలో, ఏ బటన్లు నొక్కితే టెస్ట్ మోడ్‌లోకి వెళ్తుందో. వీటితో ఎవరూ పోటీ మెషిన్ తయారుచేయలేరు. పాత వాల్వు రేడియోలు చాలావాటిలో వెనక అట్టకి లోపలివైపు సర్క్యూట్ బొమ్మ అంటించే ఇచ్చేవాళ్లు. బయటివాళ్లు విప్పితే ప్రమాదమని కంపెనీలు చేసే వాదనలో మాత్రం కొంత నిజముంది. మైక్రోవేవ్ ఓవెన్ ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండొచ్చు. అయితే దాన్ని ఎలా ఖాళీ చేయాలో చెప్పాల్సిందీ ఆ మాన్యువలే కదా.

ఇక బాధ్యత. అది మెషిన్ ఎక్కడ కొన్నారు, అక్కడి చట్టం ఏమంటుంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. యూరోపియన్ యూనియన్‌లో 2021 మార్చి నుంచి, వాషింగ్ మెషిన్ మోడల్ ఆఖరి పీసు మార్కెట్లోకి వచ్చాక కనీసం 10 ఏళ్లు బోర్డు, మోటారు, పంపు దొరకాలి. ఆర్డరిచ్చిన 15 పనిదినాల్లో అందాలి. వైరింగ్ బొమ్మలూ కోడ్‌లూ ఇవ్వాలి. మెలిక ఏమిటంటే ఇవన్నీ వృత్తిగా రిపేర్లు చేసేవాళ్లకే. మీలాంటివారికి నేరుగా దక్కేవి తలుపు, సీళ్లు, సబ్బు వేసే డబ్బా లాంటివి. కాలిఫోర్నియా చట్టం, 2024 జులైలో అమల్లోకి వచ్చింది, యజమానికీ ఇవ్వాలంటుంది. కాకపోతే 2021 జులై తర్వాత మొదట అమ్మినవాటికే. మీ ఆరేళ్ల మెషిన్ అక్కడున్నా దానికి అందదు.

మీరు చేయాల్సింది చెప్తాను. ప్లగ్ తీసేసి, మెకానిక్‌తో ఆ సన్న పైపు ఊడదీయించండి. అది శుభ్రంగా ఉంటే, బోర్డు మీది స్టిక్కర్ ఫోటో తీసి కంపెనీకి మెయిల్ పెట్టండి, ఫోన్ వద్దు. ఈ పార్టు నంబరుకి బదులు వేరే నంబరు వచ్చిందా అని అడగండి. పాత నంబరు ఆపేసి అదే పని చేసే బోర్డుని కొత్త నంబరుతో ఇవ్వడం మామూలే. కాల్ సెంటర్ వాళ్లు పాతదే చూసి లేదనేస్తారు. కొత్త బోర్డు ప్రోగ్రామ్ చేసి వస్తుందా అని కూడా అడగండి. కొన్ని మెషిన్లలో మోడల్ వివరాలు ఎక్కించేదాకా బోర్డు కదలదు, ఎక్కించే సాఫ్ట్‌వేర్ కంపెనీ గుప్పిట్లో ఉంటుంది. నా దృష్టిలో ఇది పార్టు ఇవ్వకపోవడం కంటే అన్యాయం. పార్టు అమ్మి తాళంచెవి దాచుకున్నట్టే!

ఇవేవీ కుదరకపోయినా టెన్షన్ పడకండి. పాత బోర్డునే, బోర్డులు బాగుచేసేవాళ్లకి చూపించండి. చాలాసార్లు పోయేది ఒక రిలేనో, ట్రయాకో, అంటే బోర్డు మీద కరెంటుని ఆన్, ఆఫ్ చేసే చిన్న స్విచ్చు లాంటి భాగమే. పైపులో సబ్బు కనిపిస్తే మాత్రం నాకో ఉత్తరం ముక్క రాయండి. ఆ టెక్నీషియన్‌కీ ఓ మాట చెప్పండి.