ఉబుంటులో కంపైల్ చేసిన ప్రోగ్రామ్ టెర్మక్స్‌లో 'నో సచ్ ఫైల్' అంటోంది, ఫైల్ మాత్రం అక్కడే ఉంది. ఎందుకు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: ఉబుంటు ల్యాప్‌టాప్‌లో ఆర్మ్ 64 జీసీసీ ఇన్‌స్టాల్ చేసుకుని, ఒక సీ ప్రోగ్రామ్ కంపైల్ చేసి, ఫోన్‌లో టెర్మక్స్ (ఆండ్రాయిడ్‌లో లినక్స్ టెర్మినల్ ఇచ్చే యాప్) హోమ్‌లోకి కాపీ చేశారు. ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇచ్చారు. లిస్ట్ చేస్తే ఫైల్ కనిపిస్తోంది, నడిపితే మాత్రం 'నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ'. ప్రాసెసర్ అదే, కెర్నల్ కూడా లినక్సే, మరి ఎందుకు నడవదు, ఇలాంటి ప్యాకేజీలను ఫోన్‌కి తేవాలంటే అసలు పద్ధతి ఏమిటి అని అడిగారు.

లేదని చెబుతున్నది మీ ప్రోగ్రామ్ గురించి కాదు, దాని లోడర్ గురించి. డైనమిక్‌గా లింక్ అయిన ప్రతి ఎగ్జిక్యూటబుల్‌లో, దాన్ని మెమరీలోకి ఎక్కించాల్సిన లోడర్ ఎక్కడ ఉందో ఒక పాత్ రాసి ఉంటుంది. మీ ఫైల్ మీద రీడ్‌ఎల్ఫ్ నడిపి ప్రోగ్రామ్ హెడర్లు చూడండి, 'ఇంటర్‌ప్రెటర్' అన్న చోట లిబ్ డైరెక్టరీలోని ఎల్‌డీ-లినక్స్ అని మొదలయ్యే పేరు కనిపిస్తుంది. అది గ్నూ సీ లైబ్రరీ, అంటే జీలిబ్‌సీ తాలూకు లోడర్. ఆండ్రాయిడ్‌లో అది లేదు. అక్కడ లోడర్ సిస్టమ్ కింద బిన్‌లో ఉండే లింకర్64, సీ లైబ్రరీ పేరు బయోనిక్. కెర్నల్ ఆ లోడర్‌ని వెతికి, దొరక్క, 'ఫైల్ లేదు' అని తిరిగొస్తుంది, షెల్ ఆ మాటనే మీ ప్రోగ్రామ్ పేరు పక్కన పెట్టి చూపిస్తుంది. అందుకే అంత అయోమయం. కొత్త బైనరీ దేన్నైనా ఫోన్‌లో పెట్టేముందు నేను మొదట చూసేది ఆ ఒక్క లైనే.

దీనికి చాలామంది చెప్పే చిట్కా స్టాటిక్ లింకింగ్. నిజమే, టెక్స్ట్ చదివి టెక్స్ట్ రాసే చిన్న ప్రోగ్రామ్ అయితే స్టాటిక్‌గా, అంటే లైబ్రరీలన్నీ లోపలే కలిపేసి, కట్టి ఫోన్‌లో పడేస్తే నడిచే అవకాశం ఉంది. నెట్‌వర్క్ జోలికి వెళ్లిందంటే మాత్రం కథ మారుతుంది. గో భాషలో రాసిన టూల్‌ని సీజీఓ (గో నుంచి సీ కోడ్‌ని పిలిచే ఏర్పాటు) ఆపేసి మామూలు లినక్స్ టార్గెట్‌కి బిల్డ్ చేసి చూడండి, మొదలవుతుంది, హెల్ప్ చూపిస్తుంది, ఏదైనా సైట్‌కి వెళ్లమంటే లోకల్‌హోస్ట్ 53వ పోర్ట్ దగ్గర 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అంటుంది. కారణం, డీఎన్ఎస్ సర్వర్ల కోసం అది ఈటీసీలోని రిజాల్వ్ కాన్ఫ్ ఫైల్ వెతుకుతుంది, ఆండ్రాయిడ్‌లో ఆ ఫైల్ ఉండదు, సరే అని తన మెషీన్‌నే అడుగుతుంది. గోలో ఆండ్రాయిడ్ అనే టార్గెట్ విడిగా ఉంది, దాన్ని సీజీఓతో, ఎన్‌డీకే (ఆండ్రాయిడ్ కోసం సీ కోడ్ కట్టే కిట్) కంపైలర్‌తో వాడాలి. ఇంకో సంగతి, ఆండ్రాయిడ్ 8 నుంచి యాప్‌లు ఏ సిస్టమ్ కాల్స్ చేయవచ్చో సెక్‌కాంప్ ఫిల్టర్ నిర్ణయిస్తుంది, అనుమతి లేనిది పిలిస్తే ప్రోగ్రామ్ అక్కడికక్కడే 'బ్యాడ్ సిస్టమ్ కాల్' అని చచ్చిపోతుంది. బయోనిక్ వాడితే ఆ బెడద చాలావరకు తప్పుతుంది.

కాబట్టి సరైన దారి గూగుల్ ఇచ్చే ఎన్‌డీకే. ఇక్కడ ఒక హెచ్చరిక: వెతికితే దొరికే ట్యుటోరియల్స్‌లో సగం జీసీసీతో, 'స్టాండ్‌అలోన్ టూల్‌చైన్' తయారుచేసుకోమని చెబుతాయి. ఎన్‌డీకేలో జీసీసీని ఆర్18లోనే తీసేశారు, ఆర్19 నుంచి క్లాంగ్‌ని నేరుగా పిలవచ్చు, ఆ పాత తతంగం అక్కర్లేదు. టూల్‌చైన్ బిన్ డైరెక్టరీలో చూస్తే ఏఆర్క్64 (64 బిట్ ఆర్మ్‌కి ఇంకో పేరు) లినక్స్ ఆండ్రాయిడ్ అనే పేరు, ఆ వెంటనే ఒక అంకె, తర్వాత క్లాంగ్ అని వరసగా ఉంటాయి. ఆ అంకె ఏపీఐ లెవెల్, అంటే ఏ ఆండ్రాయిడ్ వెర్షన్ నుంచి పైకి మీ బైనరీ నడవాలో అది. టెర్మక్స్ ప్యాకేజీలు 24తో, అంటే ఆండ్రాయిడ్ 7 కోసం కడతారు, మీరూ అదే పెట్టుకోండి.

ఈ అంకెని చాలామంది పట్టించుకోరు. బయోనిక్‌లో ఫంక్షన్లన్నీ ఒకేసారి రాలేదు: గ్లాబ్, ఐకాన్వ్, పాసిక్స్ స్పాన్ లాంటివి 28లో వచ్చాయి. 28తో కడితే ల్యాప్‌టాప్‌లో కంపైల్ శుభ్రంగా అయిపోతుంది, మీ కొత్త ఫోన్‌లోనూ నడుస్తుంది, ఇంట్లో ఎవరో వాడుతున్న పాత ఫోన్‌లో 'కెనాట్ లొకేట్ సింబల్' అని మొదట్లోనే ఆగిపోతుంది. 24తో కడితే ఆ తేడా కంపైల్ చేసేటప్పుడే బయటపడుతుంది. లేని ఫంక్షన్ల కోసం టెర్మక్స్ వాళ్లు గ్లాబ్‌కి ఒకటి, స్పాన్‌కి ఒకటి, పాసిక్స్ సెమాఫోర్లకి ఒకటి చిన్న చిన్న లైబ్రరీలు తయారుచేసి పెట్టారు, లింక్ చేసుకుంటే సరిపోతుంది. థ్రెడ్ల లైబ్రరీ పీథ్రెడ్ బయోనిక్‌లో సీ లైబ్రరీలోనే కలిసి ఉంటుంది, అందుకని ఎల్-పీథ్రెడ్ దొరకలేదని లింకర్ గొడవ చేస్తే ఆ ఫ్లాగ్ తీసేయడమే. ఒక్క పీథ్రెడ్ క్యాన్సిల్ మాత్రం బయోనిక్‌లో లేనే లేదు. దాని మీద ఆధారపడిన ప్రోగ్రామ్‌లో థ్రెడ్ ఆపే పద్ధతిని కోడ్‌లోనే మార్చాలి, దానికి దగ్గరి దారి లేదు.

అసలు టెన్షన్ పెట్టేది, కట్టే ముందు సిస్టమ్‌లో ఏమేం ఉన్నాయో పరీక్షించే కాన్ఫిగర్ స్క్రిప్ట్. నేను ఫోన్‌కి తెచ్చిన వాటిలో ఎక్కువ టైమ్ తిన్నది ఒక పాత టెక్స్ట్ ఇండెక్సింగ్ టూల్, చాలా ఏళ్లుగా ఎవరూ ముట్టుకోని కోడ్. హోస్ట్ ఆప్షన్‌లో ఆండ్రాయిడ్ టార్గెట్ ఇవ్వగానే ఆ ప్రాసెసర్ పేరే తెలియదంది. దానితో వచ్చిన కాన్ఫిగ్ డాట్ సబ్ ఫైల్ 64 బిట్ ఆర్మ్ పుట్టకముందుది. గ్నూ వాళ్ల దగ్గర్నుంచి కొత్త కాన్ఫిగ్ డాట్ సబ్, కాన్ఫిగ్ డాట్ గెస్ తెచ్చి పాతవాటి మీద పెడితే ఆ గండం గడిచింది. ఆ తర్వాత లింకింగ్‌లో 'ఆర్‌పీఎల్ మాలక్' అనే ఫంక్షన్ కనబడలేదని ఎర్రర్. కోడ్ అంతా వెతికినా ఆ పేరు ఉండదు! జరిగేది ఇది: మెమరీ అడిగే ఫంక్షన్ మాలక్‌ని సున్నా సైజుతో పిలిస్తే ఏం తిరిగొస్తుందో తెలుసుకోవడానికి కాన్ఫిగర్ ఒక చిన్న ప్రోగ్రామ్ కంపైల్ చేసి నడిపి చూస్తుంది. క్రాస్ కంపైల్‌లో వంట ఒక ఇంట్లో, భోజనం ఇంకో ఇంట్లో, రుచి చూసే వీలు లేదు. దాంతో పాత ఆటోకాన్ఫ్ (కాన్ఫిగర్ స్క్రిప్ట్‌ని తయారుచేసే టూల్) 'సరిగా పనిచేయదేమో' అని అనుమానపడి మాలక్ పేరుని ఆర్‌పీఎల్ మాలక్‌గా మార్చేస్తుంది, ఆ బదులు ఫంక్షన్ మనం రాసి ఉంచుతామని దాని నమ్మకం. దీనికి మందు ఏసీ సీవీ అని మొదలయ్యే కాష్ వేరియబుల్. ఆ ప్రశ్నకి జవాబు 'ఎస్' అని కాన్ఫిగర్‌కి ముందే చెప్పేయాలి. కాన్ఫిగర్ స్క్రిప్ట్ తెరిచి 'క్రాస్_కంపైలింగ్' అన్న వేరియబుల్ వెతికితే అది ఎక్కడెక్కడ ఊహ మీద నడుస్తుందో తెలుస్తుంది. ఆ ఊహలు ఒక్కొక్కటీ చదవండి, ఓపిక పట్టండి, ఎందుకంటే తప్పుడు ఊహ ఎర్రర్ ఇవ్వకుండా లోపలికి వెళ్లిపోతే నెలల తర్వాత ఎక్కడో డేటా పాడవుతుంది.

ఇంకో రెండు మాత్రం చెప్పి ముందుకెళ్తాను. లైబ్రరీలు ఎక్కడున్నాయో చెప్పే ప్యాకేజ్ కాన్ఫిగ్ మీ ఉబుంటు లైబ్రరీలని చూపించేస్తుంది, దాని లిబ్ డైరెక్టరీ, సిస్‌రూట్ వేరియబుల్స్ రెండూ ఆండ్రాయిడ్ వైపు తిప్పాలి. బిల్డ్ మధ్యలో ఒక టూల్ తయారుచేసి దాన్నే నడిపే ప్రాజెక్టులు కొన్ని ఉంటాయి, బ్యాష్ ఒక ఉదాహరణ, అక్కడ ఆ టూల్ వరకు ల్యాప్‌టాప్ కంపైలర్‌తోనే కట్టాలి. 'ఎగ్జిక్ ఫార్మాట్ ఎర్రర్' వస్తే సమస్య ఇదే అనుకోండి.

కంపైల్ అయ్యాక కూడా పని అయిపోదు. ఆ ఇండెక్సింగ్ టూల్ కట్టడం పూర్తయ్యాక మొదటి రన్‌లోనే 'పర్మిషన్ డినైడ్' అని ఆగింది. అది లాక్ కోసం హార్డ్ లింక్ వాడుతుంది, ఆండ్రాయిడ్ 6 నుంచి యాప్‌లకి హార్డ్ లింకులు (ఒకే ఫైల్‌కి రెండో పేరు) సెలినక్స్ అనే భద్రతా వ్యవస్థ ఒప్పుకోదు. సిమ్‌లింక్‌తో అదే లాక్ చేయవచ్చు, ఫైల్ ఉంటే ఫెయిల్ అవ్వు అనే ఓపెన్ ఫ్లాగ్‌తోనూ చేయవచ్చు, నేను రెండోదే పెట్టాను. ఇక పాత్‌ల సంగతి. టెర్మక్స్ ప్రపంచం అంతా ఆ యాప్ సొంత డేటా డైరెక్టరీలో ఉండే యూజర్ ఫోల్డర్ కింద ఉంటుంది, ప్రీఫిక్స్ అదే ఇవ్వాలి. రూట్ కింద ఉండే యూజర్ బిన్, ఈటీసీ, టెంప్ అని కోడ్‌లో గట్టిగా రాసి ఉన్నవాటిని గ్రెప్ చేసి పట్టుకోండి. స్క్రిప్టుల మొదటి లైన్‌లో ఉండే యూజర్ బిన్ ఎన్వ్ టెర్మక్స్‌లో నడవడానికి కారణం టెర్మక్స్-ఎగ్జిక్ అనే లైబ్రరీ చాటుగా పాత్ మార్చడం, మీ ప్రోగ్రామ్ పర్యావరణ వేరియబుల్స్‌ని తుడిచేసి ఇంకో ప్రోగ్రామ్‌ని పిలిస్తే ఆ సాయం కూడా పోతుంది.

తెలుగు టెక్స్ట్‌తో పనిచేసే టూల్ అయితే ఇది కూడా చూసుకోండి. బయోనిక్‌కి లొకేల్‌లంటే (భాష, ప్రాంతం సెట్టింగులు) సీ, సీ యూటీఎఫ్-8 తప్ప పెద్దగా ఏమీ తెలియదు. తెలుగు ఇండియా లొకేల్ అడిగితే సెట్‌లొకేల్ నల్ ఇస్తుంది, అది చూసి ప్రోగ్రామ్ ఆస్కీకి దిగిపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారుతుంది. అడిగిన లొకేల్ రాకపోతే సీ యూటీఎఫ్-8 తీసుకునేలా రెండు లైన్లు కలిపితే చాలు. కర్సర్ జరిగిపోవడం మాత్రం పోర్టింగ్ తప్పు కాదు: యూనికోడ్‌లో గుడి, దీర్ఘం వెడల్పు లేని గుర్తులు, కొమ్ము మాత్రం చోటు తీసుకునే గుర్తు, టెర్మినల్ ఆ లెక్క ప్రకారమే గళ్లు కొలుస్తుంది.

ప్యాచ్ రాసేటప్పుడు నా గట్టి అభిప్రాయం ఒకటి. 'ఆండ్రాయిడ్ అయితే ఇది చెయ్యి' అని రాయకండి, 'ఈ ఫంక్షన్ లేకపోతే ఇది చెయ్యి' అని రాయండి. ఈరోజు లేని ఫంక్షన్ రేపటి ఏపీఐ లెవెల్‌లో వస్తుంది, మొదటి రకం ప్యాచ్ అప్పుడు అడ్డం పడుతుంది. రెండో రకాన్ని అసలు ప్రాజెక్టు వాళ్లు కూడా సంతోషంగా తీసుకుంటారు, మీరు ప్రతి వెర్షన్‌కీ మళ్లీ మళ్లీ అతికించుకోనక్కర్లేదు.

ఇంత చెప్పాక కూడా, మొదటిసారి అయితే క్రాస్ కంపైల్‌తో మొదలుపెట్టకండి. టెర్మక్స్‌లో క్లాంగ్, మేక్ ఇన్‌స్టాల్ చేసి ఫోన్‌లోనే కట్టి చూడండి. అక్కడ కాన్ఫిగర్ తన పరీక్షలు నిజంగా నడుపుతుంది కాబట్టి మిగిలే ఎర్రర్లన్నీ బయోనిక్‌వో పాత్‌లవో మాత్రమే, క్రాస్ కంపైల్ గోల వాటిలో కలవదు. ఆ జవాబులే తర్వాత కాష్ వేరియబుల్స్‌గా పనికొస్తాయి. ఆండ్రాయిడ్ 12, ఆ పైన అయితే మేక్‌కి ఎక్కువ జాబ్స్ ఇవ్వకండి, పిల్ల ప్రాసెస్‌లు 32 దాటితే సిస్టమ్ సిగ్నల్ 9తో చంపేస్తుంది. టెర్మక్స్‌ని ఎఫ్-డ్రాయిడ్ నుంచి తీసుకోండి. ఏపీఐ 29, ఆపైన టార్గెట్ చేసే యాప్‌లు తమ హోమ్‌లోని ఫైళ్లని నేరుగా ఎగ్జిక్యూట్ చేయలేవు, అక్కడి టెర్మక్స్ 28 దగ్గర ఆగింది అందుకే. ఎస్‌డీ కార్డ్ స్టోరేజ్ నుంచి మాత్రం ఏదీ నడవదు.

ఫోన్‌లో నడిచిందనుకున్నాక టెర్మక్స్ ప్యాకేజెస్ రిపోని ల్యాప్‌టాప్‌కి తెచ్చుకుని, వాళ్ల డాకర్ ఇమేజ్‌లో, మీలాంటి బిల్డ్ సిస్టమే ఉన్న ఏదో ఒక ప్యాకేజీ బిల్డ్ స్క్రిప్ట్ నకలు చేసి మొదలుపెట్టండి. కంపైలర్, ప్రీఫిక్స్, పై చెప్పిన వేరియబుల్స్ చాలావరకు అది పెట్టేస్తుంది.

ముందు మీ సోర్స్‌లో కాన్ఫిగర్ ఉందా, సీమేక్ (ఇంకో బిల్డ్ సిస్టమ్) ఉందా చెప్పండి. సీమేక్ అయితే ఎన్‌డీకేతో వచ్చే టూల్‌చైన్ ఫైల్ చూపించి, ఏబీఐ (ప్రాసెసర్ రకం), ప్లాట్‌ఫామ్ (ఏపీఐ లెవెల్) రెండూ ఇస్తే సగం పని అయిపోతుంది. కాన్ఫిగర్ అయితే, ఆగిన చోట కాన్ఫిగ్ డాట్ లాగ్‌లో ఏముందో కింద పెట్టండి, చూసి చెబుతాను.