మీ కారు – మా జవాబు: పక్క ఎయిర్‌బ్యాగ్ దీపం ఆరకపోతే

ప్రశ్న: నాది ఆరేళ్ల నాటి కారు. ముందు సీట్లకు పక్క ఎయిర్‌బ్యాగులు కూడా ఉన్నాయి. వానాకాలం మొదలైనప్పటి నుంచి మీటరు బోర్డులో ఎయిర్‌బ్యాగ్ దీపం ఉండుండి వెలుగుతోంది. డ్రైవరు సీటును కాస్త ముందుకో వెనక్కో జరిపి, తాళం తీసి మళ్లీ తిప్పితే ఒక్కోసారి ఆరిపోతోంది. సర్వీసు సెంటరులో స్కానరు పెట్టి చూసి, డ్రైవరు వైపు పక్క ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్‌లో నిరోధం (కరెంటు పోకకు అడ్డు) ఎక్కువగా ఉందని చెప్పి, బ్యాగు మార్చాలంటూ పెద్ద మొత్తానికి అంచనా రాసి ఇచ్చారు. ఆటోనగర్‌లో నాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ మాత్రం చిన్న రెసిస్టరు ఒకటి పెట్టి దీపం ఆర్పేస్తానంటున్నాడు. ఇంట్లో మల్టీమీటరు ఉంది, నేనే చూసుకోవచ్చా? ఎవరి మాట వినమంటారు?
– పేరు వద్దన్న పాఠకుడు, లాసన్స్ బే కాలనీ, విశాఖపట్నం

జవాబు: బ్యాగు మార్చాలన్న మాటకు అప్పుడే తల ఊపకండి. రెసిస్టరు మాట అసలు చెవిన పెట్టకండి. మల్టీమీటరును ఆ బ్యాగు దరిదాపులకు తీసుకువెళ్లకండి. మీ ఉత్తరంలోనే జవాబు సగం ఉంది: సీటు జరిపితే దీపం తీరు మారుతోందన్నారు. సీటు వీపు భాగంలో కుట్టి ఉన్న బ్యాగుకు, దాన్ని ఉబ్బించే రసాయన మందును మండించే చిన్న ఇగ్నైటరుకు సీటు ముందుందా వెనకుందా అన్నదానితో నిమిత్తం లేదు. సీటుతో పాటు కదిలేవి దాని కింద వేలాడే వైర్లు, వాటిని కారు వైరింగ్‌తో కలిపే పసుపు రంగు కనెక్టరు. అనుమానం మొదట వాటి మీదకే పోవాలి.

ఇగ్నిషన్ తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ దీపం కొన్ని సెకన్లు వెలిగి ఆరడం మీరు గమనించే ఉంటారు. ఆ వ్యవధిలో ఎయిర్‌బ్యాగులను నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టె, అంటే కంట్రోల్ యూనిట్, ప్రతి బ్యాగు ఇగ్నైటరులోకీ అతి స్వల్పమైన కరెంటు పంపి, దాని నిరోధం ఎంతుందో కొలుచుకుంటుంది. బండి నడుస్తున్నంత సేపూ ఆ కాపలా కొనసాగుతూనే ఉంటుంది. చాలా కార్లలో ఆ నిరోధం రెండు మూడు ఓమ్‌ల దగ్గర ఉండాలి. ఇంత తక్కువ విలువను కనిపెట్టి చూసే సర్క్యూట్‌లో, పిన్ను మీద పట్టిన పలుచని చిలుము ఒకటి రెండు ఓమ్‌లు అదనంగా చేర్చినా లెక్క తప్పుతుంది, దీపం వెలుగుతుంది. మీటరు బోర్డులోని చిన్న బల్బు సర్క్యూట్‌లో అదే చిలుము ఉంటే వెలుతురు కాస్త తగ్గుతుందేమో గాని, ఎవరి కంటా పడదు. అందువల్ల స్కానరు మీద ‘నిరోధం ఎక్కువ’ అని వచ్చినంత మాత్రాన బ్యాగు చెడిపోయిందని అర్థం కాదు. కంట్రోల్ యూనిట్ నుంచి బ్యాగు దాకా వెళ్లి తిరిగి వచ్చే దారిలో ఎక్కడో అడ్డు ఉందని మాత్రమే దాని అర్థం.

మీరుండేది సముద్రపు గాలి నేరుగా తగిలే చోట. ఉప్పు కలిసిన ఆ చెమ్మ ఇంట్లో కిటికీ ఊచలను ఏం చేస్తుందో విశాఖ వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. దానికి తోడు వానాకాలంలో తడి గొడుగులు, తడి చెప్పులు సీటు కిందికే చేరతాయి. ఎ.సి. నీళ్లు బయటకు పోయే గొట్టం పూడుకుపోతే ఆ నీరు కార్పెట్ కిందకు దిగి రోజుల తరబడి ఆరదు. ఒకసారి సీటును వెనక్కి పూర్తిగా జరిపి, కార్పెట్‌ను అరచేత్తో గట్టిగా నొక్కి చూడండి. చేతికి తడి తగిలితే ముందు బాగుచేయించవలసింది దాన్నే. లేకపోతే ఇవాళ శుభ్రం చేయించిన కనెక్టరు వచ్చే వానాకాలానికి మళ్లీ పచ్చబడుతుంది.

టార్చిలైటు వేసి చూడడం వరకు మీరు నిక్షేపంగా చేయవచ్చు. పసుపు తొడుగులో ఉన్న వైర్లు సీటు పట్టాకు రాసుకుంటున్నాయా, సీటు పూర్తిగా ముందుకు జరిగినప్పుడు బిగుసుకుపోతున్నాయా, కింద దొర్లిన నీళ్ల సీసా కనెక్టరును నెడుతోందా, ఎలుక కొరికిన ఆనవాళ్లున్నాయా అన్నవి చూసి రాసి పెట్టుకోండి. చేయి మాత్రం పెట్టవద్దు.

కనెక్టరు విప్పడం ఈ పనిలో శిక్షణ ఉన్నవాళ్లే చేయాలి. ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ఊడదీసి, ఆ కారు సర్వీసు మాన్యువల్‌లో చెప్పినంత సేపు ఆగాలి. కొన్ని కార్లకు మూడు నిమిషాలు, కొన్నిటికి పది, ఇంకొన్నిటికి అంతకు మించి. ఢీకొన్నప్పుడు బ్యాటరీ నలిగిపోయినా బ్యాగు తెరుచుకోవాలి కనుక కంట్రోల్ యూనిట్‌లోని కెపాసిటరు కొంత విద్యుత్తును దాచుకుని ఉంటుంది, అది దిగిపోయేదాకా ఆ నిరీక్షణ తప్పదు. విప్పిన కనెక్టరులో రెండు పిన్నులు, వాటి మధ్య సన్నని స్ప్రింగు రేకు కనిపిస్తాయి. కనెక్టరు విడిపోగానే ఆ రేకు బ్యాగు వైపు కొసలు రెంటినీ ఒకదానికొకటి కలిపేస్తుంది కాబట్టి, ఒంటి మీది స్థిర విద్యుత్తు వంటివి ఇగ్నైటరు దాకా పోలేవు. పిన్నుల మీద ఆకుపచ్చని పొడి కనిపిస్తే ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనరుతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, లాక్ ‘టక్’మని పడేదాకా నొక్కి బిగించాలి. గరుకు కాగితంతో గీకడం తప్పు. ఈ పిన్నులకు చాలా కార్లలో బంగారు పూత ఉంటుంది, అది పోతే చిలుము రెట్టింపు వేగంతో పడుతుంది. పిన్ను వదులైనా, దాన్ని చిలుము లోతుగా తినేసినా శుభ్రం చేసి లాభం లేదు, ఆ వైరింగ్ ముక్కనే మార్చాలి. మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు ఈ సర్క్యూట్‌లో ఎక్కడా ఉండకూడదు.

ఇక మల్టీమీటరు సంగతి. నిరోధం కొలిచేటప్పుడు మీటరు తన బ్యాటరీ నుంచి కరెంటు పంపుతుంది. ఇగ్నైటరు పేలడానికి రెండు మిల్లీసెకన్ల పాటు ఒక ఆంపియరు పైచిలుకు కరెంటు చాలు. మంచి డిజిటల్ మీటరు అంత పంపదన్నది నిజమే అయినా, చేతిలో ఉన్నది ఏ మీటరో, టెస్ట్ ల్యాంపో, దాని లోపలి స్థితి ఏమిటో ఎవరూ హామీ ఇవ్వలేరు కనుకనే బ్యాగును నేరుగా కొలవవద్దని తయారీదారులు రాస్తారు. సెకనులో యాభయ్యో వంతులో విచ్చుకునే వస్తువు పక్కన మొహం పెట్టి ప్రయోగాలు చేయడం తెలివైన పని కాదు. వైరింగ్‌ను కొలవాలంటే బ్యాగునూ కంట్రోల్ యూనిట్‌నూ రెండిటినీ విడదీశాకే కొలవాలి. అప్పుడు కూడా యూనిట్ వైపు కనెక్టరులో స్ప్రింగు రేకు ఉంటే మీటరు సున్నా చూపుతుంది. కొత్తగా పని నేర్చినవాళ్లు దాన్ని చూసి షార్టు ఉందనుకుని మంచి వైరింగ్‌ను కోసేసిన సందర్భాలు లేకపోలేదు.

మీ ఎలక్ట్రీషియన్ చెప్పిన రెసిస్టరుకు న్యాయమైన చోటు ఒకటి ఉంది. బ్యాగును విడదీసి, దాని స్థానంలో కంపెనీ సూచించిన విలువ గల రెసిస్టరును నకిలీ లోడుగా తగిలించి, యూనిట్‌లో నమోదైన తప్పు కోడు చెరిపి, మళ్లీ స్కాన్ చేయడం సరైన పరీక్షా పద్ధతి. తప్పు మాయమైతే దోషం బ్యాగు వైపు ఉంది, మాయం కాకపోతే వైరింగ్‌లోనో యూనిట్‌లోనో ఉంది. కాకపోతే తప్పు ఉండుండి వచ్చే రకం కనుక ఆ పరీక్ష జరిగేటప్పుడు సీటును ముందుకీ వెనక్కీ జరుపుతూ, వైర్లను మెల్లగా కదుపుతూ చూడాలి. పరీక్ష ముగిశాక రెసిస్టరు బయటకు రావాలి. దాన్ని అక్కడే వదిలేస్తే దీపం ఆరుతుంది, కంట్రోల్ యూనిట్ అంతా బాగుందని నమ్ముతుంది, పక్క నుంచి లారీ గుద్దినప్పుడు కరెంటు ఆ రెసిస్టరులోకి వెళ్లి దాన్ని వేడెక్కిస్తుంది, బ్యాగు తెరుచుకోదు. రేపు మీరు బండి అమ్మితే కొన్నవారికి ఆ సంగతి తెలిసే దారి కూడా ఉండదు. దీన్ని నేను మరమ్మతు అనను, మోసం అంటాను.

కాబట్టి సర్వీసు సెంటరుకు తిరిగి వెళ్లి రెండు విషయాలు అడగండి: సీటు కింది కనెక్టరును విప్పి చూశారా, నకిలీ లోడుతో పరీక్షించారా. ఆ రెండూ జరగకుండా బ్యాగుకు అంచనా రాశారంటే తొందరపడ్డారనే నా అభిప్రాయం. పని ముందూ తర్వాతా స్కానరు రిపోర్టు కాగితం తీసుకోండి. ఇంజను కోడులు ‘పి’ అక్షరంతో మొదలైతే, ఎయిర్‌బ్యాగ్ కోడులు ‘బి’తో మొదలవుతాయి; బజారులో దొరికే చవక స్కానర్లలో చాలావాటికి ఇవి అందవు. నిజంగా బ్యాగే పోయిందని తేలితే కొత్తదే వేయించండి, తుక్కు దుకాణపు బ్యాగు వద్దు. ఈలోగా బండి నడపవచ్చు గాని, దీపం వెలిగి ఉండగా కొన్ని కార్లలో ఆ ఒక్క బ్యాగే గాక సీటు బెల్టును బిగించే ఏర్పాటుతో సహా మొత్తం వ్యవస్థ పనిచేయకపోవచ్చు. భీమిలి దారిలోనో అరకు ఘాట్‌లోనో దూర ప్రయాణం అనుకుంటే ఈ పని అయ్యాకే పెట్టుకోండి.

ప్రశ్న: మా కొత్త కారుకు ఆరు ఎయిర్‌బ్యాగులు. సీట్లకు బిగుతైన తోలు కవర్లు వేయించాం. దీపం వెలగడం లేదు కదా, ఇబ్బంది లేనట్టేనా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: ఆ దీపానికి తెలిసేది విద్యుత్ సర్క్యూట్ సంగతి ఒక్కటే, సీటుకు కవరు ఉందో లేదో దానికి తెలియదమ్మా. పక్క బ్యాగు సీటు వీపు భాగంలో తలుపు వైపు అంచును చీల్చుకుని బయటకు వస్తుంది. అక్కడి కుట్టును కంపెనీవారు విడిపోయేలా కావాలనే బలహీనంగా వేస్తారు. దాని మీద మందపాటి తోలు గట్టిగా చుట్టి ఉంటే బ్యాగు ఆలస్యంగానో, తప్పు దిక్కుకో తెరుచుకునే ప్రమాదం ఉంది. మన దేశంలో డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ 2019 జూలై 1 నుంచి తప్పనిసరి అయింది, పక్కన కూర్చునేవారిది ఆ తర్వాత వచ్చింది. పక్క బ్యాగులు మామూలు కార్లలో విరివిగా కనిపించడం ఇటీవలి సంగతి కనుక పాత కవరు దుకాణాలకు ఈ ఆలోచన ఇంకా అలవాటు కాలేదు. సీటు అంచున చిన్న ‘ఎయిర్‌బ్యాగ్’ గుర్తు ఉన్న చోట కవరు తెరిచి ఉండాలి, లేదా పక్క బ్యాగుల కోసమే ప్రత్యేకంగా కుట్టిన కవరు వేయించాలి. ఇప్పుడున్నవి తీసేయించండి. అవి తీసేటప్పుడు సీటు కింది పసుపు వైర్లను లాగవద్దని దగ్గరుండి చెప్పండి.

ప్రశ్న: వర్షపు నీరు కారులోకి వచ్చి సీటు పట్టాలు మునిగాయి. కార్పెట్ తీసి ఎండబెట్టాం. ఎయిర్‌బ్యాగ్ దీపం ఇంకా వెలగలేదు. వేచి చూడవచ్చా?
– పాఠకుడు, మధురవాడ

జవాబు: వద్దు. ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ చాలా కార్లలో గేరు లివరు ముందో కిందో, నేలకు బిగించి ఉంటుంది, నీరు దాన్ని చేరిందో లేదో విప్పితేగాని తెలియదు. చిలుము పట్టడానికి వారాలు పడుతుంది కాబట్టి దీపం ఇవాళ మౌనంగా ఉండవచ్చు. యూనిట్‌లోకి నీరు చేరిందని తేలితే ఎండబెట్టి బిగించడం కుదరదు, మార్చవలసిందే. పని మొదలుపెట్టక ముందే మీ బీమా కంపెనీకి తెలియజేసి, సర్వేయరు వచ్చి చూసేదాకా ఏ భాగాన్నీ విప్పించకండి.