సర్వే ఇండెక్స్‌లో అంకెలు చేత్తో దిద్దకమ్మా

అమ్మాయీ,

నీకు అప్పగించిన ఆర్కైవ్‌లో మల్టీబీమ్ సోనార్ డేటా (ఓడ నుంచి శబ్దంతో కొలిచిన సముద్రపు లోతులు) అంతా ఎంబీ సిస్టమ్ అనే సాఫ్ట్‌వేర్‌లోనే నడుస్తోందన్నావు కదా, అందుకే సూటిగా దాని గురించే రాస్తున్నాను.

డేటాలిస్ట్, అంటే సర్వే ఫైళ్ళ పేర్ల జాబితా, నువ్వు రాసేది. ప్రతి సర్వే ఫైలు పక్కనా ఉండే ఇన్ఫ్ ఫైలు మాత్రం డేటాని చదివి సాఫ్ట్‌వేర్ రాసుకునే సారాంశం, దాని జోలికి వెళ్ళకు. ఈ రెండూ కలిసే మన ఇండెక్స్. అందులో అక్షాంశం తప్పుగా ఉందంటే, ఇన్ఫ్ పాతబడకపోతే, తప్పు అసలు నావిగేషన్‌లోనే ఉందన్నమాట. సవరణని పారామీటర్ ఫైల్లో (సవరణలు రాసిపెట్టే ఫైలు) పెట్టి, దాన్ని అమలుచేసే ఎంబీ ప్రాసెస్ నడిపి, ఆ తర్వాత ఇన్ఫ్‌ని కొత్తగా పుట్టించు. రా ఫైలుని, అంటే ఓడలో రికార్డయిన అసలు ఫైలుని, అస్సలు ముట్టుకోకు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఎంబీ గ్రిడ్ అనే ప్రోగ్రామ్ మ్యాప్ వేసేటప్పుడు ముందు ఇన్ఫ్‌లోని హద్దులే చూస్తుంది, మనం అడిగిన ప్రాంతం ఆ హద్దుల్లో లేదనిపిస్తే ఆ ఫైలుని తెరవకుండానే దాటేస్తుంది. ఎర్రర్ ఏమీ రాదు. మ్యాప్‌లో ఖాళీ కనిపిస్తుంది, చూసినవాళ్ళు అక్కడ సర్వేనే జరగలేదనుకుంటారు, డేటా మాత్రం డిస్క్‌లో భద్రంగా ఉంటుంది. సముద్రం మీద ఓడ ఒక్క రోజు తిరగడానికి ఎంత ఖర్చో, ఎంతమంది నిద్ర మానుకుని కాపలా కాస్తారో నీకు తెలుసు. ఆ కష్టం పాత ఇండెక్స్ వల్ల కనపడకుండా పోతే నాకు నిజంగా బాధేస్తుంది.

ఎంబీ డేటాలిస్ట్ ప్రోగ్రామ్‌లో ‘ఓ’ (-O) ఆప్షన్ పాతబడిన ఇన్ఫ్‌లని మాత్రమే మారుస్తుంది, ‘ఎన్’ (-N) ఆప్షన్ అన్నిటినీ మళ్ళీ చేస్తుంది. రోజువారీ పనికి ‘ఓ’ చాలు. కానీ డిస్క్ మార్చినప్పుడు ఫైళ్ళ తేదీలు చెదిరిపోతాయి, పాత ఇన్ఫ్ కూడా డేటా కన్నా కొత్తదిలా కనిపిస్తుంది, అప్పుడు ఎంత సమయం పట్టినా ‘ఎన్’ నడుపు.

ఒక్కో క్రూయిజ్‌కి (సర్వే యాత్రకి) ఒక్కో డేటాలిస్ట్ ఉంచి, పైన ఒక పెద్ద డేటాలిస్ట్‌లో వాటిని మైనస్ 1 ఫార్మాట్‌తో చేర్చు, అది డేటా ఫైలు కాదు ఇంకో జాబితా అని చెప్పే అంకె. పాత్‌లు రిలేటివ్‌గానే ఉండాలి, అంటే డేటాలిస్ట్ ఉన్న చోటు నుంచే ఫైలుకి దారి చూపాలి. ఏదైనా ఫైలు పక్కన పెట్టాల్సి వస్తే లైన్ చెరిపేయకు, ఆ లైన్ మొదట్లో హ్యాష్ (#) గుర్తు పెట్టి, ఎందుకు తీశావో కింద తేదీతో సహా రాయి.

టైమ్ అంతా యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం)లోనే. నావిగేషన్ లాగ్ ఐఎస్‌టీ (భారత కాలమానం)లో ఉండిపోయి డేటాతో కలిసిందంటే తేడా అయిదున్నర గంటలు, 10 నాట్లతో తిన్నగా వెళ్ళే ఓడ ఆ లోపు 55 నాటికల్ మైళ్ళు, అంటే దాదాపు 100 కిలోమీటర్లు వెళ్ళిపోతుంది. లోతులన్నీ అంత పక్కకి పడతాయి.

వారానికోసారి ఒక చిన్న పరీక్ష చెయ్యి. విశాఖ ఎదురుగా 16 నుంచి 18 డిగ్రీల ఉత్తరం, 83 నుంచి 85 డిగ్రీల తూర్పు అనుకో, ఆ పెట్టెలో ఏ ఫైళ్ళున్నాయని ఇండెక్స్‌ని అడుగు. తర్వాత అవే డైరెక్టరీల్లో ఫైళ్ళన్నిటినీ ఎంబీ ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌తో నేరుగా చదివించి, ఆ పెట్టెలోకి వచ్చేవి తీసి రెండు జాబితాలూ పోల్చు. ఒక్క పేరు తేడా వచ్చినా ఆ రోజు కొత్త డేటా ఎక్కించకు, ముందు దాని సంగతి తేల్చు. పై నుంచి తొందరపెడితే ఆ రెండు జాబితాలూ వాళ్ళకే పంపించు.